మూడో మనిషి కళ్లతో



ఇవాళ మూడు మాటల గురించి మాట్లాడుకుందాం. సొంత మేలు, సానుభూతి, స్వేచ్ఛ. ఈ మూడూ ఒకచోట ఇమడవని చాలామంది అనుకుంటారు. తన మేలు చూసుకునేవాడికి ఎదుటివాడి బాధ పట్టదంటారు. ఎదుటివాడి బాధ పట్టించుకునేవాడు వ్యాపారానికి పనికిరాడంటారు. అందరికీ స్వేచ్ఛ ఇస్తే చివరికి బలవంతుడిదే రాజ్యం అవుతుందంటారు. సుమారు 250 ఏళ్ల కిందట స్కాట్లాండులో ఒక ఆచార్యుడు ఈ మూడింటినీ కలిపి ఆలోచించారు. ఆయన పేరు ఆడమ్ స్మిత్.

ఆయన ఆలోచనల్లోంచి రోజూ పనికొచ్చే ఒక్క సంగతిని ఇవాళ మీ ముందు పెడతాను. బేరం ఆడుతున్నా, కూలి కడుతున్నా, తగవు పడుతున్నా, మీ వైపు నుంచి ఒక్క క్షణం పక్కకి జరగండి. మీతోగానీ, ఎదుటివారితోగానీ ఏ సంబంధమూ లేని మూడో మనిషి ఒకరు అక్కడ నిలబడి చూస్తున్నారనుకోండి. ఆ మూడో మనిషి కళ్లతో మీ పనిని మీరే చూడండి. చెప్పడానికి చాలా చిన్న మాట ఇది. దీని వెనక ఉన్న ఆలోచన మాత్రం పెద్దది.

ముందు ఆడమ్ స్మిత్ ఎవరో చూద్దాం. 1723లో స్కాట్లాండులోని కిర్కాల్డీ అనే రేవు పట్నంలో పుట్టారు. తండ్రి అక్కడి సుంకాల శాఖలో ఉద్యోగి. కొడుకు పుట్టకముందే పోయారు. తల్లి మార్గరెట్ పెంచింది. పద్నాలుగేళ్ల వయసులో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఫ్రాన్సిస్ హచిసన్ అనే గురువు నీతిశాస్త్రం చెప్పేవారు. పండితుల లాటిన్‌లో కాకుండా పిల్లలకి తెలిసిన ఇంగ్లీషులోనే పాఠం చెప్పిన మనిషి ఆయన. తర్వాతి కాలంలో అదే విశ్వవిద్యాలయంలో, అదే నీతిశాస్త్రానికి స్మిత్ ఆచార్యులయ్యారు.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఇవాళ అందరూ స్మిత్‌ని అర్థశాస్త్ర పితామహుడంటారు. గ్లాస్గోలో ఆయన ఎక్కువకాలం పాఠం చెప్పింది మాత్రం నీతిశాస్త్రం. ధరలు, కూలీలు, వర్తకం, పన్నులు, ఇవన్నీ ఆ నీతి పాఠాల్లో ఒక భాగంగానే మొదలయ్యాయి. ఆయన మొదటి పుస్తకం నైతిక భావాల గురించి. అది 1759లో వచ్చింది. దేశాల సంపద గురించి రాసిన రెండో పుస్తకం 1776 మార్చి 9న వచ్చింది. ఆ రెండో పుస్తకం వచ్చాక కూడా ఆయన మొదటిదాన్ని వదిలిపెట్టలేదు. చనిపోయిన సంవత్సరం, 1790లో, దానికి కొత్త అధ్యాయాలు చేర్చి ఆరో ముద్రణ తెచ్చారు. కాబట్టి నీతిని పక్కన పెట్టి లాభాన్ని నెత్తిన పెట్టుకున్న మనిషి స్మిత్ అనడం సరికాదు.

అప్పట్లో ఒక పెద్ద వాదం నడుస్తుండేది. మనిషి స్వభావం ఏమిటి? 1651లో ఇంగ్లండుకి చెందిన థామస్ హాబ్స్ పుస్తకం ఒకటి వచ్చింది. పైన గట్టి పాలకుడు లేకపోతే మనుషులు ఒకరినొకరు బతకనివ్వరని ఆయన వాదం. తర్వాత లండన్‌లో స్థిరపడిన డచ్చి వైద్యుడు బెర్నార్డ్ మాండవిల్ వచ్చారు. మనుషుల దురాశ, ఆడంబరం, గర్వం, ఇవే దేశానికి సంపద తెస్తున్నాయన్నారు. చెడ్డ గుణాలు లేకపోతే వర్తకమే ఆగిపోతుందన్నారు. స్మిత్ గురువు హచిసన్‌ది దీనికి పూర్తిగా ఎదురు మాట. పరుల మేలు కోరి చేసినదే మంచి పని అని ఆయన అభిప్రాయం.

స్మిత్ మాండవిల్, హచిసన్ ఇద్దరితోనూ పూర్తిగా ఏకీభవించలేదు. గురువుగారిని గౌరవిస్తూనే ఒక మాటన్నారు. తన ఆరోగ్యం, తన ఇల్లు, తన సంపాదన జాగ్రత్తగా చూసుకోవడం కూడా మంచి గుణమేనన్నారు. తన బాగు చూసుకోవడాన్నంతా దురాశ అని పేరు పెట్టడమే మాండవిల్ చేసిన పొరపాటు అన్నారు. పిల్లల చదువుకి నాలుగు డబ్బులు వెనకేసుకునే తండ్రి దురాశాపరుడు ఎలా అవుతాడు చెప్పండి?

ఇప్పుడు మన వీధి చివరికి వెళ్దాం. అక్కడ ఒక కిరాణా కొట్టు ఉంది. తెల్లవారేసరికి ఆ కొట్టు తెరిచి ఉంటుంది. పాలప్యాకెట్లు, ఇడ్లీరవ్వ, అగ్గిపెట్టె, అన్నీ సిద్ధంగా ఉంటాయి. కొట్టాయన అంత పొద్దున్నే ఎందుకు లేచాడు? మన మీద ప్రేమతోనా? తన కుటుంబం గడవాలి. అందుకు లేచాడు. మనమూ ఆయన మీద దయతో కొనడం లేదు. మనకి పాలు కావాలి, కొన్నాం. ఇద్దరి అవసరమూ తీరింది. స్మిత్ తన రెండో పుస్తకంలో మాంసం కొట్టువాడు, బీరు తయారుచేసేవాడు, రొట్టెలు కాల్చేవాడు, ఈ ముగ్గురినీ పెట్టి ఇదే విషయం చెప్పారు. మన భోజనం వాళ్ల దయ మీద ఆధారపడి లేదు. వాళ్ల మేలు వాళ్లు చూసుకోవడం మీద ఆధారపడి ఉంది.

ఈ మాట లోకమంతా ప్రచారమైంది. అందులో ఉన్న గౌరవాన్ని మాత్రం చాలామంది గమనించలేదు. కొనడానికి వెళ్లిన మనిషి చెయ్యి చాపి అడుక్కోవడం లేదు. డబ్బు పెట్టి, తలెత్తుకుని అడుగుతున్నాడు. పేదవాడికి అది చిన్న విషయం కాదు. ఒకరి దయాదాక్షిణ్యాల మీద బతికేవాడు ఆ దాతకి లొంగి ఉండాలి. సమానంగా ఇచ్చిపుచ్చుకునేవాడికి ఆ లొంగుబాటు అక్కర్లేదు. స్మిత్‌కి వర్తకం మీద ఉన్న అభిమానానికి ఇదొక ముఖ్యమైన కారణం.

ఇంకో సంగతి. కొట్టాయన తన లాభం చూసుకోవాలంటే ముందు మన అవసరం ఊహించాలి. ఈ వీధిలో పొద్దున్నే ఆఫీసులకి పోయేవాళ్లు ఎక్కువ. ఆరింటికే పాలు కావాలి. పండగ ముందు బెల్లం, శనగపప్పు కావాలి. నెలాఖర్లో కొందరికి ఖాతా రాయాలి. ఇవన్నీ ఆయన మన చోట నిలబడి ఆలోచిస్తేనే తెలుస్తాయి. అంటే సొంత మేలు చూసుకోవడానికి కూడా ఎదుటివారి చోట నిలబడడం తెలిసి ఉండాలి. అక్కడే స్మిత్ మొదటి పుస్తకం మొదలవుతుంది.

ఆ పుస్తకంలో స్మిత్ ఒక దృశ్యం చూపిస్తారు. ఒకాయన తాడు మీద నడుస్తున్నాడు. కింద జనం చూస్తున్నారు. ఆయన కుడివైపు ఒరిగితే జనం ఒళ్లు కూడా ఒరుగుతుంది. ఆయన తూలితే వీళ్లూ తూలుతారు. తాడు మీద ఉన్నది వాళ్లు కాదు. పడితే దెబ్బ తగిలేది వాళ్లకి కాదు. అయినా శరీరం కదులుతుంది. ఎందుకు? ఊహలో వాళ్లు ఆయన చోటికి వెళ్లిపోయారు. స్మిత్ లెక్కలో సానుభూతి అంటే ఇదే. జాలి ఒక్కటే కాదు, ఎదుటివారి సంతోషంలోనూ, కోపంలోనూ, సిగ్గులోనూ మనం ఇలాగే పాలు పంచుకుంటాం. ఎంత కఠినుడికైనా ఈ గుణం ఎంతో కొంత ఉంటుందని ఆయన నమ్మకం.

ఇది ఒకవైపే నడిచే వ్యవహారం కాదు. మనం ఎదుటివారిని చూస్తున్నట్టే, వాళ్లూ మనల్ని చూస్తున్నారు. మన బాధ వాళ్లకి అర్థం కావాలని, మన కోపం సబబేనని వాళ్లు అనాలని మనకి ఉంటుంది. అయితే మన కోపం మనకి ఉన్నంత తీవ్రంగా వాళ్లకి ఉండదు కదా! అందుకని మనం శ్రుతి తగ్గించుకుంటాం. వాళ్లు అందుకోగలిగినంత వరకు దించుకుంటాం. సంగీతంలోంచి తీసిన ఈ పోలిక స్మిత్‌దే. ఇంట్లో అరిచినట్టు బజార్లో అరవం. కొత్తవాళ్ల ముందు మరీ అరవం. అలా రోజూ శ్రుతి సరిచేసుకుంటూ, సరిచేసుకుంటూ, మనిషి తనని తాను బయటినుంచి చూడడం నేర్చుకుంటాడు.

మొదట్లో నలుగురూ ఏమంటారో అని చూస్తాం. తర్వాత ఆ నలుగురి స్థానంలో, లోపలే ఒక మూడో మనిషి ఏర్పడతాడు. పక్షపాతం లేనివాడు. విషయం పూర్తిగా తెలిసినవాడు. మనవాడూ కాదు, ఎదుటివారి మనిషీ కాదు. నైతిక జీవితం మొత్తాన్ని స్మిత్ ఈ తటస్థ సాక్షి మీద నిలబెట్టారు. ఊరు పొగిడినా, ఆ సాక్షి ఒప్పుకోకపోతే మనసుకి తృప్తి ఉండదు. ఊరు తిట్టినా, ఆ సాక్షి ఒప్పుకుంటే మనిషి నిలబడగలడు.

ఈ సాక్షికి ఎంత బలం ఉంటుందో చెప్పడానికి స్మిత్ ఒక ఊహ చేశారు. చైనాలో భూకంపం వచ్చి దేశమంతా మునిగిపోయిందనుకోండి. ఆ కబురు యూరప్‌లో ఒక మంచివాడికి తెలిసింది. అయ్యో అంటాడు. మనిషి బతుకు ఎంత అస్థిరమో అంటాడు. తర్వాత తన పనిలో పడి, రాత్రి హాయిగా నిద్రపోతాడు. అదే మనిషికి, రేపు నీ చిటికెనవేలు తీసేస్తారు అంటే ఆ రాత్రి కన్ను మూతపడదు. చూశారా, మన సహజ స్వభావం అంత దగ్గరి చూపుది.

అయితే ప్రశ్న అక్కడితో ఆగదు. ఆ చిటికెనవేలు కాపాడుకోవడానికి, తను ఎన్నడూ చూడని 10 కోట్ల మంది ప్రాణాలు బలి ఇవ్వడానికి ఆ మనిషి ఒప్పుకుంటాడా? ఆ ఆలోచనకే ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకు? దూరాన ఉన్నవాళ్ల మీద అంత ప్రేమ పుట్టుకొచ్చిందా? లేదు. మనలోని మూడో మనిషి అడ్డం పడతాడు. ఇంతమందిలో నువ్వొక్కడివి, ఎందులోనూ ఎవరికంటే ఎక్కువ కాదు అని గుర్తుచేస్తాడు.

అందుకే మళ్లీ చెబుతున్నాను. ప్రేమ అందరి మీదా ఒకేలా పుట్టదు. పుట్టమని ఎవరినీ బలవంతపెట్టలేం. మూడో మనిషి కళ్లతో చూడడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఇప్పుడు కిరాణా కొట్టుకి తిరిగి వద్దాం. కొట్టాయన మనల్ని ప్రేమించనక్కర్లేదు. కానీ కాటా సరిగా ఉండాలి. పప్పులో కల్తీ ఉండకూడదు. చదువురాని ముసలమ్మ ఖాతాలో లేని బాకీ రాయకూడదు. స్మిత్ ఈ తేడాని చాలా స్పష్టంగా చెప్పారు. దయ ఒక ఇంటికి అలంకారం లాంటిదన్నారు. న్యాయం ఆ ఇంటిని మోసే స్తంభం అన్నారు. అలంకారం లేని ఇంట్లో బతకొచ్చు. స్తంభం కూలితే ఇల్లే ఉండదు. సంపాదన కోసం ఎంత వేగంగా పరుగెత్తినా ఫర్వాలేదు, పక్కవాడిని తోసేసి ముందుకి పోవడం మాత్రం కూడదన్నారు. తోసిన క్షణాన చూసేవాళ్ల సానుభూతి పడ్డవాడి వైపు వెళ్లిపోతుంది.

ఇక మూడో మాట, స్వేచ్ఛ. న్యాయం హద్దు దాటనంత వరకు ఎవరి మేలు వాళ్లు తమకి తోచిన దారిలో చూసుకోవచ్చు. స్మిత్ చెప్పిన సహజ స్వేచ్ఛ ఇదే. ఇందులో షరతు మొదటే ఉంది. ఆ షరతు తీసేసి మిగతాది చెబితే అది స్మిత్ మాట కాదు.

ఆ రోజుల్లో ఈ స్వేచ్ఛ ఎవరికి లేదో చూడండి. ఇంగ్లండులో 1563 నాటి చట్టం ఒకటి ఉండేది. ఏడేళ్లు ఒక యజమాని దగ్గర శిష్యరికం చేస్తేగానీ చాలా వృత్తుల్లో సొంతంగా పని చేసుకోకూడదు. 1662 నాటి మరో చట్టం ప్రకారం, పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్లిన పేదవాడిని, మాకు భారం అవుతాడేమో అని వెనక్కి పంపేయవచ్చు. స్మిత్‌కి ఈ చట్టాల మీద గట్టి కోపం. పేదవాడికి ఉన్న ఆస్తి తన చేతుల బలమూ, నైపుణ్యమూ. ఎవరికీ హాని లేకుండా వాటిని వాడుకోనివ్వకపోతే ఆ ఆస్తిని దోచుకున్నట్టే అని ఆయన వాదించారు.

కూలీల సంగతీ ఆయన చెప్పారు. కూలి పెంచకూడదని యజమానులు ఎప్పుడూ లోపాయికారీగా ఒక్కటిగానే ఉంటారన్నారు. దాని గురించి ఎవరూ మాట్లాడరు. పనివాళ్లు ఒక్కటైతే మాత్రం గగ్గోలు పుడుతుంది. అప్పటి చట్టం కూడా పనివాళ్లనే శిక్షించేది. ఎక్కువమంది జనం పేదరికంలో ఉన్న దేశాన్ని సుఖంగా ఉన్న దేశం అనలేమని స్మిత్ రాశారు. ఒకే పని రోజంతా చేసి చేసి పనివాడి బుద్ధి మొద్దుబారిపోతుందని బాధపడ్డారు. అందుకే పేదపిల్లల చదువుకి ప్రభుత్వం ఖర్చు పెట్టాలన్నారు. దేశరక్షణ, న్యాయపాలన, రోడ్లు, వంతెనలు, బడులు, ఇవన్నీ ప్రభుత్వం బాధ్యతలే అన్నారు.

ఆయన రెండో పుస్తకంలో మన దేశం కథ కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ 1600లో పుట్టింది. 1611 నుంచీ మన మచిలీపట్నంలో వర్తకం చేసింది. 1766 వచ్చేసరికి నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులకి పాలకురాలు కూడా అయింది. బెంగాల్లో అంతకుముందే అయింది. 1770 ప్రాంతంలో బెంగాల్ ఘోర క్షామంలో పడింది. వానలు లేక కొరత వచ్చి ఉండొచ్చు, ఆ కొరత క్షామంగా మారడంలో బియ్యం వ్యాపారం మీద కంపెనీ ఉద్యోగులు పెట్టిన ఆంక్షల పాత్ర కూడా ఉండొచ్చు అని స్మిత్ రాశారు. నల్లమందు లాభం కోసం వరిచేలు దున్నించి గసగసాలు వేయించిన సంగతీ రాశారు.

వర్తకుడే రాజైతే ఏమవుతుందో ఆయన వివరించారు. దేశం బాగుంటే రాజు బాగుంటాడు. చౌకగా కొని, ప్రియంగా అమ్మితే వర్తకుడు బాగుంటాడు. ఒకే సంస్థ రెండు పాత్రలూ వేసినప్పుడు, అది వర్తకుడిగానే ఆలోచించి, దేశాన్ని ముంచుతుంది. ఆ ఉద్యోగుల్ని స్మిత్ రాక్షసులు అనలేదు. వాళ్ల స్థానంలో ఎవరున్నా అలాగే చేసేవారు, తప్పు ఆ ఏర్పాటుది అన్నారు.

నాకు ఇందులో ఒక గట్టి పాఠం కనిపిస్తుంది. కంపెనీకి గుత్తాధికారం ఉంది. పోటీ లేదు. లాభం పంచుకునేవాళ్లు సముద్రాల అవతల ఉన్నారు. ఇక్కడ రైతు ఏడిస్తే ఆ ఏడుపు వాళ్లకి వినపడదు. తాడు మీద మనిషి కనపడితేనే కదా జనం ఒళ్లు కదిలేది! కనపడని చోట సానుభూతి కదలదు. అడిగేవాడు లేని చోట న్యాయం నిలబడదు. సానుభూతీ, న్యాయమూ రెండూ లేని చోట సొంత మేలుకి హద్దు లేకుండా పోయింది. అప్పుడు కంపెనీకి ఉన్నదాన్ని స్వేచ్ఛ అనలేం. ఒకరికి అన్నీ చెల్లి, మిగతావాళ్లకి ఏదీ చెల్లకపోవడం అది.

శ్రోతలారా, ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. మూడో మనిషి అంటున్నారు, ఆ మూడో మనిషి కూడా మన ఊరివాడే అయితే? ఊరంతా ఒకే తప్పు చేస్తుంటే? స్మిత్‌కి ఈ సందేహం తెలుసు. పురాతన ఏథెన్సు నగరంలో పసిపిల్లల్ని బయట వదిలేసేవారు. గొప్ప తత్వవేత్తలు కూడా దాన్ని తప్పుపట్టలేదు. ఆచారం కళ్లకి అంత గంతలు కడుతుంది. మన ఊళ్లలో టీకొట్టు దగ్గర దళితులకి వేరే గ్లాసు పెట్టే పద్ధతి చూడండి. దశాబ్దాలపాటు ఎంతోమంది అది మామూలే అనుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు ఔనన్నంత మాత్రాన అది న్యాయం అయిందా? అందుకే మన మూడో మనిషి దూరంనుంచి రావాలి. మన కులంవాడు, మన ఊరివాడు, మన పార్టీవాడు అయి ఉండకూడదు. మన కాలంలో అమర్త్య సేన్ న్యాయం గురించి రాసిన పుస్తకంలో స్మిత్ నుంచి ప్రత్యేకంగా తీసుకున్నది ఈ దూరపు చూపునే.

స్మిత్ 1790 ముద్రణలో ఇంకో హెచ్చరిక చేర్చారు. ధనవంతుల్ని చూసి మురిసిపోవడం, పేదవాళ్లని చూడనట్టే పోవడం, ఇది మన నైతిక బుద్ధిని పాడుచేసే పెద్ద కారణం అన్నారు. పేదవాడికి ఆకలితోపాటు ఇంకో బాధ ఉంది. నలుగురి మధ్య ఉన్నా ఎవరి కంటికీ ఆనకపోవడం. కాబట్టి మూడో మనిషి కళ్లు ముందుగా వెతకాల్సింది ఎవరికీ కనపడని మనిషినే.

ఇప్పుడు దీన్ని మన రోజులోకి తెచ్చుకుందాం. కొట్టాయన కాటా మీద పప్పు వేస్తున్నాడు. కొనేది తన సొంత చెల్లెలు కాదు, ఎవరో. అప్పుడు ఆయన తనకి తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ తూకం మూడో మనిషి చూస్తుండగా కూడా ఇలాగే వేస్తానా? కొనేవాళ్లకీ ఇదే ప్రశ్న. పెద్ద దుకాణంలో చీటీ మీద ఎంత రాసి ఉంటే అంత ఇచ్చేసి, వీధిలో ఆకుకూరలమ్మే అమ్మ దగ్గర రెండు రూపాయలకి పట్టుబడుతున్నానా? మూడో మనిషి దీన్ని చూస్తే ఏమంటాడు? ఇంట్లో పనిచేసే ఆవిడకి జీతం కట్టేటప్పుడు ఇదే ప్రశ్న. పొలం గట్టు తగవులో ఇదే ప్రశ్న. అన్నదమ్ముల పంపకాల్లో ఇదే ప్రశ్న. పదవిలో ఉన్నవాళ్లకైతే ఇది రోజూ వేసుకోవాల్సిన ప్రశ్న.

ఈ ప్రశ్న మిమ్మల్ని లాభం వదులుకోమనడం లేదు. మీ మేలు మీరు చూసుకోండి. అది మీ హక్కు, మీ బాధ్యత కూడా. మూడో మనిషి ముందు సిగ్గుపడకుండా చెప్పుకోగలిగే లాభం చూసుకోండి. అందరూ అలా చూసుకునే చోట ఎవరి స్వేచ్ఛని చూసీ ఎవరూ భయపడక్కర్లేదు. కొనేవారు కాటా వైపు అనుమానంగా చూడక్కర్లేదు. పనివాళ్లు యజమాని దయ కోసం ఎదురు చూడక్కర్లేదు. చట్టం అవసరం అప్పుడూ ఉంటుంది. కానీ పోలీసు లేని చోట కూడా న్యాయం జరుగుతుంది.

రేపు మీరు చేసే మొదటి లావాదేవీలోనే దీన్ని ప్రయత్నించి చూడండి. డబ్బు చేతులు మారకముందు ఒక్క క్షణం ఆగండి. పక్కకి జరగండి. మూడో మనిషి కళ్లతో చూడండి. ఆ తర్వాతే ధర చెప్పండి, లేదా ఇవ్వండి.